ఆస్కార్ ట్యాంకులో రమ్మీనోస్‌లు ఒక్కొక్కటే మాయం, శవం కూడా దొరకట్లేదు

నీటిబొమ్మ:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నా ట్యాంకు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకి 255 లీటర్లు, ఇసుకా రాళ్లూ పోను 220 అనుకోండి. క్యానిస్టర్ ఫిల్టర్. 26 డిగ్రీలు. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 దగ్గర. వారానికోసారి మూడోవంతు నీళ్లు మారుస్తాను. ఏం అడిగినా మొదట నీళ్ల గురించే అడుగుతారని ముందే చెప్పేస్తున్నా.

లోపల ఉన్నవాళ్లు: టైగర్ ఆస్కార్ అనే పెద్ద నోటి చేప ఒకటి, పేరు బుల్లోడు. అయిదు నెలల క్రితం రెండంగుళాలప్పుడు వచ్చాడు, ఇప్పుడు ఏడంగుళాలకి రవ్వంత తక్కువ, ఇంకా ఆ పేరే. సెనెగల్ బిచిర్ ఒకటి, పాములా సన్నగా ఉండి అడుగున తిరిగే చేప, అదీ ఇంచుమించు అంతే పొడవు, వచ్చి రెండు నెలలు. బ్లాక్ స్కర్ట్ టెట్రాలు అయిదు. బ్రాంజ్ కోరిడోరస్‌లు నాలుగు. అద్దానికి అతుక్కుని తిరిగే కామన్ ప్లెకో ఒకటి. ఎర్ర ముక్కు చిన్న చేపలు, అవే రమ్మీనోస్ టెట్రాలు, తొమ్మిది ఉండేవి. ఇప్పుడు మూడు.

మూడు వారాల్లో ఆరు పోయాయి. ఒక్కటీ పైకి తేలలేదు. ఫిల్టర్ విప్పి చూశాను, పైపు మూతికి జాలీ ఉంది. దుంగ ఎత్తి చూశాను. మూత కిందా, స్టాండు వెనకా టార్చి వేసి చూశాను, ఎగిరి పడి ఎండిపోయాయేమోనని. ఏమీ లేదు. రాత్రి లైటు తీసేటప్పుడు లెక్కపెడితే అయిదు, పొద్దున్న వేసేసరికి నాలుగు. అంతే.

మా ఆయన బుల్లోడే అంటాడు. నాకు మాత్రం బిచిర్ మీదే అనుమానం. బుల్లోడు కాదనడానికి నా దగ్గర మూడు కారణాలున్నాయి. ఒకటి, వీళ్లంతా అయిదు నెలలుగా కలిసి పెరిగినవాళ్లు, వాడు ఏనాడూ వాటి వెంటపడలేదు, అవి వాడి ముక్కు ముందే తిరుగుతాయి. రెండు, తినేవాడే అయితే స్కర్ట్‌లని కూడా తినాలి కదా, అవి అయిదూ దిట్టంగా ఉన్నాయి. మూడు, అసలు వాడికే ఈ మధ్య ఒంట్లో బాగుండట్లేదు. పొద్దున్న పెల్లెట్లు వేస్తే ఒకటి నోట్లో పెట్టుకుని ఉమ్మేసి పక్కకి పోతున్నాడు. సాయంత్రం మాత్రం మామూలుగానే తింటున్నాడు. అదొక దిగులు నాకు.

దొంగ ఎవరు? వాడే అయితే, కడుపునిండా పెడితే మానతాడా? ఇంకెవరిని తోడు పెట్టొచ్చు? అప్పుడప్పుడూ బతికున్న చేపలు వెయ్యకపోతే ఆస్కార్‌కి వేటబుద్ధి చచ్చిపోతుందని ఒకరు చెప్పారు, నిజమేనా?


అరపొలుసు:

పొద్దున టిఫిన్ వద్దన్నవాడు ఎక్కడో చేసే వచ్చి ఉంటాడు కదండీ. మీ ఆయన గెలిచారు. 😄


తడిచేతులు:

అమ్మా, పైన అరపొలుసు గారు నవ్వుతాలుగా అన్నా అసలు సంగతి అదే. జవాబు మీ పోస్టులోనే ఉంది, మీరే రాసి మీరే దాటేశారు. పొద్దున్న పెల్లెట్లు ముట్టని ఆస్కార్ సాయంత్రం మామూలుగా తింటోందంటే జబ్బు కాదు. కడుపు నిండి ఉంది. జబ్బు చేసిన చేపకి పూటల లెక్క ఉండదు.

నేను పద్దెనిమిదేళ్లుగా ఈ పెద్ద నోళ్ల చేపలనే పెంచుతున్నాను. మొదటి మూడేళ్లూ నేనూ మీలాగే ఆలోచించాను. ఫలానా చేప సాధువా, కోపిష్టా, దేనితో పడుతుంది, దేనితో పడదు అని. మింగే చేప విషయంలో కోపంతో పనేమీ లేదు. కోపం వస్తే ఆస్కార్ కొడుతుంది, తోక చింపుతుంది, మూలకి తరుముతుంది, అదంతా మనకి కనిపిస్తుంది. మింగడంలో కోపమూ ఉండదు, తరమడమూ ఉండదు. మీరు వెంటపడటం చూడలేదన్నారు కదా, వెంటపడే అవసరం వాడికి లేదు. దగ్గరికొచ్చిన చేప ముందు నోరు తెరుస్తాడు. తెరిచిన క్షణంలో నోటి లోపలి ఖాళీ ఒక్కసారిగా పెరుగుతుంది, నీళ్లు లోపలికి దూసుకుపోతాయి, నీళ్లతో పాటు చేపా పోతుంది. రెప్ప వేసినంత సేపు కూడా పట్టదు. గొంతులో రెండో జత దవడలుంటాయి, ఆస్కార్ కుటుంబం సిక్లిడ్‌లన్నిటికీ ఉంటాయి, మిగతా పని అక్కడ జరుగుతుంది. శవం ఎక్కడ దొరుకుతుంది మీకు?

ఇక అయిదు నెలల సహవాసం. వచ్చిన కొత్తలో బుల్లోడి నోట్లో రమ్మీనోస్ పట్టేది కాదు, తినలేదు. ఇప్పుడు పడుతోంది, తింటున్నాడు. ఆస్కార్ చిన్నప్పుడు నెలకో అంగుళం చొప్పున సాగుతుంది, దాంతో పాటు నోరూ సాగుతుంది. రమ్మీనోస్ అయిదు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. రెండూ ఒకేసారి ట్యాంకులోకి దిగినా ఏదో ఒక వారం ఆ గీత దాటేస్తారు. మీ ఇంట్లో అది మూడు వారాల క్రితం దాటారు. కొర్రమీను పిల్లల్ని పెంచేవాళ్లని చూడండి, ఒకే తల్లి పిల్లలైనా సరే సైజు తేడా రాగానే వేరువేరు తొట్లలోకి ఏరేస్తారు. ఏరకపోతే పెద్దది తమ్ముడినే మింగి కూర్చుంటుంది. తోబుట్టువుకే దిక్కు లేనప్పుడు టెట్రాకి ఎక్కడిది?

స్కర్ట్‌లు ఎందుకు మిగిలాయో కూడా చెప్తాను, అది నాకు ఇష్టమైన విషయం. మనం చేపని పొడవుతో కొలుస్తాం. మింగేవాడు కొలిచేది ఎత్తు, అంటే వీపు నుంచి పొట్ట దాకా. రమ్మీనోస్ పెన్సిల్‌లా ఉంటుంది. బ్లాక్ స్కర్ట్ పొడవు ఇంచుమించు అంతే అయినా బిళ్లలా ఉంటుంది, నోట్లో అడ్డం పడుతుంది. చేపలకీ ఈ లెక్క తెలుసు. గోల్డ్‌ఫిష్‌కి దగ్గర చుట్టం క్రూషియన్ కార్ప్ అని ఒకటుంది. పైక్ అనే వేటచేప ఉన్న చెరువులో పెరిగితే దాని వీపు ఎత్తుగా సాగుతుంది, పైక్ లేనిచోట సన్నగానే ఉండిపోతుంది. చెరువుని రెండు భాగాలుగా విడగొట్టి ఒకవైపు పైక్‌లని వదిలి చూసిన ప్రయోగం 1992లో అచ్చయింది. కొన్ని వారాల్లోనే తేడా వచ్చిందట. మీ స్కర్ట్‌లు పుట్టుకతోనే ఆ ఆకారంతో వచ్చాయి, అందుకే ఇప్పటిదాకా బతికాయి. బుల్లోడు తొమ్మిదంగుళాలకి వస్తే ఆ రక్షణా ఉండదు.

నోరు ఎంత తెరుస్తాడో ఊహించడం ఎందుకు, కొలవండి. అద్దానికి బయటి నుంచి స్కేలు అంటించి, సరిగ్గా దాని ముందు పెల్లెట్ వేసి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. మూసి ఉన్న నోరు చూసి మనం వేసుకునే అంచనాకి అది రెట్టింపు ఉంటుంది.

ఎప్పుడు తింటున్నాడు అంటారా. నడిరాత్రి కాకపోవచ్చు, రాత్రి ఆస్కార్ కూడా ఒక మూల ఒరిగి నిద్రపోతుంది. మీరు ట్యాంకు లైటు వేసేది ఎన్నింటికో గానీ, కిటికీ వెలుతురు అంతకన్నా ముందే వస్తుంది కదా. ఆ మసక వెలుతురులో చూడండి. బిచిర్ పూర్తిగా నిర్దోషి అని కాదు. దాని కళ్లు అంతంత మాత్రం, వాసన పట్టుకుని అడుగున పాకుతూ వెళ్తుంది, నిద్రలో కిందికి దిగిన చేప తగిలితే వదలదు. ఆరింటిలో ఒకటో రెండో దాని ఖాతాలోవి అయ్యుండొచ్చు.

ఇప్పుడు అసలు నేను ఇంత పొడుగు రాయడానికి కారణం. మీ రమ్మీనోస్‌ల సంగతి కాదు. నాలుగు కోరిడోరస్‌లు ఉన్నాయన్నారు. వాటిని ఈరోజే తీసెయ్యండి. పోస్టు చదవడం ఆపి తీసినా ఫరవాలేదు.

కోరీ అంటే బుల్లి జెల్ల. జెల్ల ముల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. వీపు మీద ఒకటి, రెండు పక్కల రెక్కలకీ చెరొకటి. భయపడితే ఆ మూడూ నిలబెట్టి తాళం వేసినట్టు బిగించేస్తుంది. ఇక దాని ప్రాణం పోయినా అవి వంగవు. మింగేదాకా పెద్ద చేపకి ఆ సంగతి తెలియదు.

నాకు తొమ్మిదంగుళాల ఆస్కార్ ఉండేది. రాళ్ల మధ్య మిగిలిపోయిన మేత తింటాయని అయిదు కోరీలు వేశాను, ఒక్కోటి నాలుగు సెంటీమీటర్లు. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆస్కార్ నీటి మీదికొచ్చి నోరు తెరుచుకుని ఉంది. నోట్లోంచి కోరీ తోక, వేలిగోరంత. మొప్పలు రెండూ గొడుగుల్లా విచ్చుకుని కొట్టుకుంటున్నాయి. తడి తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను, మా తమ్ముడు మొప్పల మీద కప్పుతో నీళ్లు పోస్తూ నిలబడ్డాడు. పట్టకారుతో తోక పట్టి లాగితే రాలేదు. లాగినకొద్దీ పక్క ముళ్లు బుగ్గల్లోకి ఇంకా దిగుతున్నాయి, బుగ్గ చర్మం లోపలి నుంచి గుడారం గుంజలా పైకి లేవడం కనిపిస్తోంది. అప్పుడు అర్థమైంది, లాగకూడదని. నెయిల్ కట్టర్ నోట్లోకి దూర్చి ఒక పక్క ముల్లు మొదట్లో కత్తిరించాను. చేపని మళ్లీ నీళ్లలో పెట్టి ఊపిరి తీసుకోనిచ్చి, రెండోసారి పైకి తీసి రెండో ముల్లు. టక్ మన్న చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు కోరీ జారి వచ్చింది. చచ్చిపోయి ఉంది, రంగు కూడా మారలేదు.

ఆస్కార్ ఈదింది. బతికిందనుకున్నాం. మేత ముట్టలేదు. అయిదో రోజుకి బుగ్గ మీద తెల్లగా దూది అంటినట్టు కనిపించింది, మందు వేశాను, తొమ్మిదో రోజు పొద్దున అడుగున పక్కకి ఒరిగి ఉంది. నాలుగేళ్ల చేప.

అందుకని, పెద్దది చిన్నదాన్ని తింటుందా అని అడిగే ప్రతివాళ్లకీ నేను రెండోవైపు కూడా చెప్తుంటాను. ముల్లున్నదీ, కవచం ఉన్నదీ, చప్పరించే నోరున్నదీ పెద్దదాని నోట్లో సగం పట్టే సైజులో ఉంటే ఇద్దరూ పోతారు. ఓటో, చిన్న ప్లెకో, పిక్టస్, ఇలా జెల్ల జాతివి ఏవైనా అంతే.

కోరీలని పట్టేటప్పుడు వల వాడకండి. ముళ్లు వలకి చిక్కుకుంటాయి, విడదీసేసరికి మీకూ దానికీ గాయాలు. ప్లాస్టిక్ డబ్బా ముంచి, చేత్తో అందులోకి తోలండి.

మిగతా ప్రశ్నలకి జవాబులు రాత్రి రాస్తాను, నీళ్లు మార్చే రోజు ఇవాళ.


గాజుగోడ:

తడిచేతులు గారూ, మీ అనుభవం ముందు నాది చిన్నదే, కానీ మరీ అంత ఖచ్చితంగా కొలతే అంతా అనేస్తే నాకు కొంచెం అభ్యంతరం. నా దగ్గర నాలుగు ఏంజెల్ ఫిష్‌లు, పన్నెండు కార్డినల్ టెట్రాలు రెండేళ్లు కలిసి ఉన్నాయి. కార్డినల్స్‌ని పెద్దవి చూసి ముందు వేశాను, అవి స్థిరపడ్డాక రూపాయి బిళ్లంత ఏంజెల్ పిల్లల్ని వదిలాను. ఏంజెల్‌లు అరచేయంత అయ్యాక కూడా ఒక్క కార్డినల్‌ని ముట్టుకోలేదు. నోట్లో పట్టవా అంటే పడతాయి.

తమాషా ఏమిటంటే, పోయినేడాది గుంపు పెంచుదామని ఎనిమిది నియాన్ టెట్రా పిల్లల్ని తెచ్చి అదే ట్యాంకులో వేశాను. తెల్లారేసరికి రెండు మిగిలాయి. పాత కార్డినల్‌లు పన్నెండుకి పన్నెండూ ఉన్నాయి. అంటే అలవాటు కూడా లెక్కలోకి వస్తుందనే కదా? చిన్నప్పటి నుంచి చూసినదాన్ని మేతగా చూడదు, కొత్తగా వచ్చిపడినదాన్ని చూస్తుంది.


తడిచేతులు:

గాజుగోడ గారూ, మీ మాట కొట్టిపారెయ్యను. ఏంజెల్‌ల దగ్గర ఇది నేనూ చూశాను. కానీ రెండు విషయాలు. మీ కార్డినల్స్ పూర్తిగా పెరిగినవి, పిల్ల నియాన్‌లు వాటిలో సగం ఉంటాయి, కాబట్టి కొలత అక్కడా ఉంది. పైగా కొత్త చేప కొత్తచోట తత్తరపడుతూ వంకరటింకరగా ఈదుతుంది, వేటచేప కన్ను పడేదే అలాంటిదాని మీద. మేత వేసే వేళప్పుడు, వెలుతురు ఉన్నప్పుడు కొత్తవాటిని వదిలి చూడండి, నష్టం కొంత తగ్గుతుంది.

ఏంజెల్ నోరు చిన్నది, దానికి కార్డినల్ కష్టపడి మింగాల్సిన ముద్ద. ఆ కష్టం ఉన్నంతకాలం అలవాటు పనిచేస్తుంది. ఆస్కార్‌కి రమ్మీనోస్ నోట్లో వేసుకున్న వేరుశనగ పలుకు. అక్కడ అలవాటు నిలబడదు.


రెడ్‌టెయిల్ రాజా:

అన్నా ఇంత భయపెడితే ఎవరూ ఆస్కార్ పెంచరు 😅 నేను నా రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌కి వారానికి పది గోల్డ్‌ఫిష్ పిల్లలు వేస్తా. ఆరు నెలల్లో అడుగున్నర అయింది, మెరిసిపోతోంది. ప్రకృతిలో కూడా అదే తింటుంది కదా, పెల్లెట్లు చెట్లకి కాస్తాయా? అక్కా, మీ ఆస్కార్‌కి విడిగా ఫీడర్‌లు, అంటే మేతకి వేసే బతికున్న చిన్న చేపలు, వేస్తే టెట్రాల జోలికి పోడు. నా గ్యారంటీ.


తడిచేతులు:

రాజా, తమ్ముడూ, గ్యారంటీ వెనక్కి తీసుకో.

బుల్లోడు పిల్లప్పటి నుంచి పెల్లెట్ల మీదే పెరిగాడు. మూడు వారాల్లో ఆరింటిని లేపేశాడు. వేటబుద్ధి చచ్చిపోతుందనేవాళ్లకి ఇంతకన్నా జవాబు ఏం కావాలి? కదిలే చేప అంటే మేత అని వారం వారం నేర్పిస్తే పక్కనున్న టెట్రాని వదిలేస్తాడని నువ్వెలా అనుకున్నావో నాకు అర్థం కావట్లేదు.

ఇక గోల్డ్‌ఫిష్ సంగతి. ఫీడర్‌లని వందలకొద్దీ ఒకే తొట్టిలో కుక్కి ఉంచుతారు, తెల్లమచ్చ రోగం దగ్గర్నుంచి పేగు పురుగుల దాకా అన్నీ ఉచితంగా వస్తాయి. అది ఒకటి. రెండోది చాలామందికి తెలియదు: గోల్డ్‌ఫిష్ మాంసంలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ని విరగ్గొట్టేస్తుంది. ఒకటి రెండు తింటే ఏమీ కాదు. నెలల తరబడి అదే మేతయితే నరాల మీద పడుతుంది, చేప తూలుతూ ఈదుతుంది. మెరుపు చూసి మోసపోకు. ఆస్కార్ అయితే ప్రకృతిలో చేపలొక్కటే తినదు, పురుగులు, నత్తలు, రొయ్యలు, రాలిన పండ్లు కూడా తింటుంది. గోల్డ్‌ఫిష్ దాని నదిలోదే కాదు.

నీ రెడ్‌టెయిల్ గురించి అడగలేదు కానీ చెప్తాను. అది మీటరు దాటే చేప. ట్యాంకుని బట్టి పెరుగుతుందిలే అంటారు, అది అబద్ధం. నీళ్లు పాడై ఎదుగుదల కుంటుపడితే దాన్ని సర్దుకుపోవడం అనరు. దాని ముందు తోడు అనే మాటే ఎత్తొద్దు. తనలో సగం ఉన్న చేపని మింగుతుంది, నోట్లో పడితే గులకరాళ్లు కూడా మింగుతుంది. అడుగున రాళ్లుంటే తీసెయ్.


రెడ్‌టెయిల్ రాజా:

రాళ్ల సంగతి నిజమే అన్నా, పోయిన నెల ఒకటి కక్కింది. హీటర్‌కి ఉండే రబ్బరు బిళ్ల కూడా. సరే తీసేస్తా. గోల్డ్‌ఫిష్‌ల గురించి ఆలోచిస్తా.


తడిచేతులు:

నీటిబొమ్మ గారూ, మిగిలిన జవాబులు.

కడుపునిండా పెడితే మానతాడా? తగ్గుతుంది, మానడు. ఆస్కార్ ఆకలేసి మాత్రమే తినే చేప కాదు, అందినప్పుడు తినే చేప. పైగా అతిగా పెడితే నీళ్లు చెడతాయి, కక్కుకుంటాడు. ఇప్పుడు పెడుతున్నది చాలు, వారంలో ఒకరోజు పస్తు ఉంచినా ఏమీ కాదు.

తోడు ఎవరు? మీ నాలుగడుగుల ట్యాంకులో కొత్తగా ఎవరూ వద్దు. బుల్లోడు అడుగు దాకా వెళ్తాడు, పదేళ్ల పైన బతుకుతాడు, వాడికీ బిచిర్‌కీ ఆ చోటే ఇరుకు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, అంటే 680 లీటర్ల దగ్గర, ఎప్పటికైనా పెట్టగలిగితే అప్పుడు సిల్వర్ డాలర్‌లు అయిదారు, బాగా ఎదిగినవి. పళ్లెంలా గుండ్రంగా ఉంటాయి, ఆస్కార్ నోట్లో దూరవు, గుంపుగా తిరుగుతుంటే ఆస్కార్ కూడా బెదురు తగ్గి బయటికొస్తుంది. మొక్కలు మాత్రం ఒక్కటి మిగల్చవు. ఆస్కార్ ఎలాగూ పీకేస్తాడు కాబట్టి అదొక నష్టం కాదు. సెవెరమ్ అనే ఇంకో సిక్లిడ్ ఒకటి పెట్టొచ్చు. ఏది వేసినా వేసే రోజు రాళ్లూ దుంగా అటూఇటూ మార్చండి, ఇది నా మూల అనే గొడవ కొంచెం తగ్గుతుంది.

ప్లెకో గురించి మీరు అడగలేదు. దాని సైజు ఎంత? అరచేయి దాటి ఉంటే ఆస్కార్ దాన్నేం చెయ్యలేడు, ఇప్పుడు చూడాల్సింది తలకిందులు. కొన్ని ప్లెకోలకి రాత్రిపూట పెద్ద చేప ఒంటికి అతుక్కుని జిగురు చప్పరించే అలవాటు పడుతుంది. బుల్లోడి పక్కన గుండ్రంగా పాలిపోయిన మచ్చ కనిపిస్తే మళ్లీ బిచిర్‌ని అనుమానించకండి.


నీటిబొమ్మ:

పది రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించండి.

కోరీలని ఆ రోజే తీశాను. డబ్బా పద్ధతిలో మూడు సులువుగానే వచ్చాయి, నాలుగోది గంటన్నర తిప్పలు పెట్టింది. పాత రెండడుగుల ట్యాంకు ఖాళీగా ఉంటే బుల్లోడి ఫిల్టర్‌లోంచి స్పాంజి ఒకటి తీసి అందులో పెట్టాను, నాలుగూ అందులో ఉన్నాయి. స్కర్ట్‌లని, ఆ మూడు రమ్మీనోస్‌లని మర్నాడు తీద్దామనుకున్నాను. తీసేలోగా ఒక్కసారి కళ్లతో చూడాలనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ చూడాలనిపించింది.

అయిదున్నరకి లేచి, లైటు వెయ్యకుండా, ట్యాంకుకి ఎదురుగా కింద కూర్చున్నాను. కిటికీ తెర సందులోంచి వెలుతురు ఒక చారలా పడుతోంది. రమ్మీనోస్‌లు మూడూ దుంగ పక్కన కదలకుండా ఉన్నాయి. వాటి ముక్కులు ఎర్రగా లేవు. రాత్రిళ్లు రంగు పోతుందని నాకు తెలుసు కానీ ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు, మూడూ బూడిదరంగులో ఏవో వేరే చేపల్లా ఉన్నాయి. బిచిర్ ఇసుక మీద పడుకుని ఉంది, అసలు లేవలేదు పాపం. బుల్లోడు ఫిల్టర్ పైపు దగ్గర నుంచి వచ్చాడు. ఈదుతున్నట్టు కూడా లేడు, నీళ్లలో పడిన ఆకు కొట్టుకొచ్చినట్టు ఒక పక్కకి ఒరిగి, తోక కదపకుండా వచ్చాడు. రమ్మీనోస్ ఒకటి కొంచెం తిరిగింది. అంతే, మూడున్న చోట రెండున్నాయి. మిగతా రెండూ బెదిరి పారిపోను కూడా లేదు. వాడి కుడి మొప్పలోంచి చిన్న పొలుసులు రెండు మెరుస్తూ బయటికొచ్చి ఇసుక మీదకి దిగాయి. గొంతు దగ్గర నాలుగైదుసార్లు కదిలింది. తర్వాత నా వైపు తిరిగి, రోజూ మేత కోసం వచ్చినట్టే, అద్దం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

ఏడింటికి పెల్లెట్లు వేశాను. ఒకటి తీసుకుని ఉమ్మేశాడు.

ఆ పూటే మిగిలిన రెండు రమ్మీనోస్‌లనీ, స్కర్ట్‌లనీ కోరీల దగ్గరికి మార్చాను. మీరు చెప్పినట్టు స్కేలు అంటించి వీడియో కూడా తీశాను, మూడు సెంటీమీటర్లకి కొంచెం తక్కువ తెరుస్తున్నాడు. మా ఆయన ఆ వీడియో ఇంట్లో అందరికీ చూపించి, మొదటి రోజే చెప్పాను అన్నాడు. అంటూనే ఉన్నాడు.

ప్లెకో ఎనిమిదంగుళాలుంది. రాత్రి పదకొండింటికి ఎర్ర లైటు వేసి రెండుసార్లు చూశాను, అద్దానికే అతుక్కుని ఉంది, బుల్లోడి ఒంటి మీద మచ్చలేమీ లేవు. చూస్తూ ఉంటాను.

బుల్లోడు మర్నాడు పొద్దున దుంగ చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. ఆ తర్వాత రోజూ తిరిగాడు. నిన్న పొద్దున్న తిరగలేదు, నేరుగా పైకొచ్చి ఎనిమిది పెల్లెట్లు తిని ఇంకా కావాలని నీళ్లు చిమ్మాడు.


అరపొలుసు:

టిఫిన్ మొదలైందన్నమాట. మీ ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.